ఒక్క మనిషి, పది వేషాలు: ట్రేసీ ఉల్మన్ షోల పనితనం

రంగస్థలి (చర్చ మొదలు)

అందరికీ నమస్కారం. ఒక్కరే అన్ని వేషాలూ కట్టే టీవీ స్కెచ్ కామెడీ గురించి ఇక్కడ ముక్కలు ముక్కలుగా చాలా మాట్లాడుకున్నాం. కానీ ఆ పని అసలెలా జరుగుతుందో ఒక్కచోట పెట్టుకోలేదు. ట్రేసీ ఉల్మన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ పద్ధతిని ఆవిడంత ఎక్కువ రూపాల్లో ప్రయత్నించినవాళ్ళు అరుదు.

చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇంగ్లండ్‌లోని స్లౌలో 1959లో పుట్టారు. బీబీసీలో పేరొచ్చాక అమెరికా వెళ్ళారు. 1987 ఏప్రిల్ 5న ఫాక్స్‌లో 'ది ట్రేసీ ఉల్మన్ షో' మొదలై 1990 మే వరకు నడిచింది. ఆ తర్వాత హెచ్‌బీఓలో 'ట్రేసీ టేక్స్ ఆన్' (1996–1999, నాలుగు సీజన్లు, 65 భాగాలు), షోటైమ్‌లో 'స్టేట్ ఆఫ్ ది యూనియన్' (2008–2010), మళ్ళీ సొంత దేశానికి తిరిగొచ్చి 2016లో బీబీసీ వన్‌లో 'ట్రేసీ ఉల్మన్స్ షో'.

నేను అడిగేది ఒక్కటే. ఆరు నిమిషాల తెలుగు భాగం, ఐదు పాత్రలు, నటి ఒక్కరే, చిన్న బృందం, అద్దెకు తీసుకున్న ఒకే గది. ఆవిడ షోల నుంచి ఏం నేర్చుకుని దీన్ని తీయొచ్చు? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

గోదారిగట్టు

సింప్సన్స్ కార్టూన్ ఈవిడ షోలోంచే వచ్చిందంటారు, నిజమేనా? అది 1989లో కదా మొదలైంది?

కథాకమామిషు

@గోదారిగట్టు, నిజమేనండీ. విడి ధారావాహికగా మొదలైంది 1989 డిసెంబర్ 17న. కానీ ఆ కుటుంబం మొదట తెర మీద కనబడింది 1987 ఏప్రిల్ 19న, ఉల్మన్ షోలో ప్రకటనలకు అటూ ఇటూ వేసే చిన్న చిన్న బొమ్మల ముక్కలుగా. మొత్తం 48 ముక్కలు వచ్చాయి. హోమర్‌కు గొంతిచ్చిన డాన్ కాస్టెల్లనెటా, మార్జ్‌కు గొంతిచ్చిన జూలీ కావ్నర్ ఇద్దరూ ఉల్మన్ షోలో సహనటులే.

ఇది ఊరికే చెప్పుకునే విశేషం కాదు, రంగస్థలి గారి ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. 'ఒక్కరి షో' అని పేరే గానీ, పక్కన గట్టి సహనటులు ముగ్గురు నలుగురు ఎప్పుడూ ఉన్నారు. ఉల్మన్ ఏ వేషంలో వచ్చినా ఎదుటివాళ్ళు ఆ మనిషిని నిజం మనిషిగానే చూస్తారు. అక్కడే సగం నమ్మకం పుడుతుంది. ఐదు పాత్రలూ ఒకరే వేసి, వాటిలో అవే మాట్లాడుకునేలా రాస్తే ప్రేక్షకుడు కథ వదిలేసి 'ఎలా తీశారబ్బా' అని అతుకు వెతకడం మొదలుపెడతాడు.

రంగస్థలి

అంటే ఒకే తెర మీద రెండు పాత్రలు రాకుండా రాయడం మేలంటారా?

కథాకమామిషు

మేలే. 'ట్రేసీ టేక్స్ ఆన్' కట్టుబడి ఒకసారి చూడండి. ప్రతి భాగానికీ ఒక అంశం: ప్రేమ, చట్టం, చావు, దానధర్మం, ఇలా. ఆ అంశం మీద ఒక్కో పాత్రా కెమెరా వైపు చూసి కాసేపు తన గోడు చెప్పుకుంటుంది. మధ్యలో కాస్త పెద్ద సన్నివేశాలు వస్తాయి, వాటిలో ఎదురుగా వేరే నటులుంటారు. హాలీవుడ్‌లో ముసలి మేకప్ మనిషి రూబీ రొమేన్, న్యూయార్క్ టాక్సీవాలా చిక్, విమానంలో పనిచేసే ట్రెవర్, జబ్బు తల్లిని చూసుకుంటూ బ్యాంకు ఉద్యోగం చేసే కే క్లార్క్... వీళ్ళంతా ఒకే విషయం గురించి మాట్లాడతారు గానీ ఒకరికొకరు ఎదురుపడాల్సిన అవసరమే లేదు. అంశమే వాళ్ళను కట్టే దారం.

దీనివల్ల చిత్రీకరణలో లాభం చూడండి. రూబీ వేషం ఒకసారి వేస్తే, నాలుగైదు భాగాలకు కావాల్సిన ఆమె మాటలన్నీ ఒకే కాల్‌షీట్‌లో తీసేయొచ్చు. ఒక భాగానికి ఐదు వేషాలు మార్చే బదులు, ఒక వేషంతో ఐదు భాగాలు లాగొచ్చు. పాత్రల వారీగా తీయండి, భాగాల వారీగా కాదు. రాతపని మొత్తం ముందే అయిపోయి ఉండాలనేది దీనికి షరతు. సగం రాసి సెట్‌కి వెళితే ఈ లాభమంతా గంగలో కలుస్తుంది.

ఆరు నిమిషాలకు లెక్క: ఐదు పాత్రలకు తలా 40 సెకన్లు, అంటే మూడు నిమిషాల 20 సెకన్లు. రెండు నిమిషాల సన్నివేశం ఒకటి, ఎదురుగా వేరే నటుడితో. మిగిలిన 40 సెకన్లు పేర్లకూ ముగింపుకూ. తెలుగులో తీరిగ్గా మాట్లాడితే నిమిషానికి 100–110 మాటలు పడతాయి, కాబట్టి ఒక్కో గోడు 70 మాటలు దాటకూడదు. కాగితం మీద 120 మాటలు రాసుకుని, ఎడిటింగ్‌లో కోద్దాంలే అనుకుంటే నవ్వు పుట్టాల్సిన విరామాలే ముందు కోతకు పోతాయి.

వేషధారి_తెనాలి

కాల్‌షీట్ మాట వచ్చింది కాబట్టి వేషాల వరుస గురించి చెప్తాను. ఇక్కడ చాలామంది తలకిందులుగా వేస్తారు.

పొద్దున్నే బరువు వేషం, సాయంత్రం తేలిక వేషం అనుకుంటారు, ముఖం తాజాగా ఉంటుంది కదా అని. కానీ అతికించిన ముక్కు, గడ్డం, సిలికోన్ ముక్కలు తీశాక చర్మం ఎర్రబడి గంటల తరబడి అలాగే ఉంటుంది. దాని మీద పాతికేళ్ళ అమ్మాయి వేషం వేస్తే క్లోజప్‌లో ఆ ఎరుపు ఎంత పౌడరేసినా ఆగదు. అందుకే తేలిక వేషాలు ముందు, అంటింపు వేషం ఆ రోజుకి చివర. పూర్తి ముఖానికి సిలికోన్ వేషమైతే దానికి విడిగా ఒక రోజు ఇవ్వాలి: వేయడానికి మూడు గంటలు, తీయడానికి కనీసం ముప్పావు గంట. తీసేటప్పుడు పీకకూడదు. జిగురు కరిగించే ద్రవాన్ని బ్రష్‌తో అంచు కిందకి పంపుతూ, అది వదిలినంత మేరే లేపాలి.

చిన్న బృందానికి సిలికోన్ అక్కర్లేదనే నా గట్టి అభిప్రాయం. ముసలి వేషానికి ద్రవ లేటెక్స్ (రబ్బరు పాలు) ముడతలు చాలు. పద్ధతి ఇదీ:

ముందు రోజే చెవి వెనక ఒక చుక్క రాసి 24 గంటలు చూడాలి. కొందరికి లేటెక్స్ పడదు. దద్దురు వస్తే ఆ మాట అక్కడితో వదిలేయాలి. కనుబొమలకూ నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటా వ్యాజిలైన్ రాయాలి, లేకపోతే తీసేటప్పుడు వెంట్రుకలు ఊడి వస్తాయి. ముఖాన్ని భాగాలుగా చేయాలి: కంటి కొస, చెంప, నుదురు, పై పెదవి, మెడ. ఒక్కో భాగం దగ్గర ఒకరు చర్మాన్ని రెండు వేళ్ళతో ముడతకు అడ్డంగా లాగి పట్టుకోవాలి. కంటి కొస అయితే చెవి వైపు పైకి, చెంప అయితే దవడ వైపు కిందకి. లాగి పట్టినచోట స్పాంజితో పలచగా అద్దాలి. హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పెట్టి, తెల్లటి ద్రవం పారదర్శకం అయ్యేదాకా ఆరబెట్టాలి. ఇంకా లాగి పట్టుకునే పౌడర్ అద్దాలి. అప్పుడే వదలాలి. వదిలిన క్షణంలో ముడతలు వాటంతట అవే పడతాయి. రెండు మూడు పూతలు చాలు.

జనం చెడగొట్టేది పౌడర్ దగ్గరే. పౌడర్ అద్దకుండా వదిలితే లేటెక్స్ తనకి తానే అంటుకుపోయి, ముడత కాదు గడ్డ కడుతుంది. దాన్ని సరిదిద్దడం ఉండదు, ఆ భాగం మొత్తం తీసి మళ్ళీ వేయాల్సిందే. రెండో తప్పు, పూత మందం. మందంగా వేస్తే నవ్వినప్పుడు అంచు లేస్తుంది.

చేతులు మర్చిపోకండి. డెబ్బయ్యేళ్ళ ముఖం పక్కన పాతికేళ్ళ చెయ్యి టీ గ్లాసు పట్టుకుంటే మొత్తం పనంతా దండగ. పిడికిలి బిగించి, చెయ్యి వెనకవైపు ఇదే పూత వేసి, పౌడర్ అద్ది, వేళ్ళు చాపితే చాలు.

నల్లమల

వేషధారి గారూ, మే నెలలో మన దగ్గర ఇవన్నీ చెమటకు నిలుస్తాయా? జెలటిన్ ముక్కలు చవక కదా, అవి వాడొచ్చా?

వేషధారి_తెనాలి

జెలటిన్ వద్దు తమ్ముడూ. ఒంటి వేడి, లైట్ల వేడి కలిస్తే మెత్తబడి జారుతుంది. పై పెదవి మీద పెట్టినదైతే మాట్లాడుతుండగానే కదులుతుంది. చలికాలంలో, ఏసీ గదిలో, అరగంట పనికి పర్లేదు.

చెమట ఎక్కువగా పట్టేది నుదుటి మీదా, ముక్కు పక్కలా, పై పెదవి మీదా. వేషం వేసే ముందు ముఖం కడిగి, నూనె పోయేలా ఆస్ట్రింజెంట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే జిగురు రాయాలి. తడి మీద స్పిరిట్ గమ్ (మీసాలూ అవీ అంటించే జిగురు) పట్టదు, తెల్లగా పాలిపోతుంది. గమ్ రాసిన వెంటనే అంటించకూడదు. వేలితో తట్టి తట్టి బంకలా సాగేదాకా ఆగాలి. టేకుల మధ్య చెమటను ఒత్తాలి గానీ తుడవకూడదు. గది 24 డిగ్రీల దగ్గర ఉంచండి. మాట రికార్డింగ్ కోసం ఏసీ ఆపాల్సి వస్తే, ముందు పది నిమిషాలు బాగా చల్లబరిచి, ఒక్కో టేకుకీ ఆపి మళ్ళీ వేయండి.

స్వరాక్షరి

మేకప్ దగ్గరే ఇంత సేపు ఆగడం నాకు నచ్చలేదండీ. వేషధారి గారి మీద గౌరవంతోనే అంటున్నాను. ఉల్మన్‌ని కళ్ళు మూసుకుని విన్నా ఏ పాత్రో తెలుస్తుంది. మన నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఏ మేకప్పూ లేకుండా వేదిక మీద నిలబడి ఒక్క గొంతుతో మనుషుల్ని దింపేవారు. వేషం కంటే ముందు గొంతు తేలాలి.

పాత్రకో గొంతు అంటే అందరూ సన్నం, లావు అనే రెండు రకాలతో సరిపెట్టేస్తారు. మూడో పాత్రకే సరుకు అయిపోతుంది. మార్చడానికి చాలా ఉన్నాయి: స్థాయి, వేగం, దవడ ఎంత తెరుచుకుంటుంది, మాట ముక్కులోంచి వస్తోందా గుండెలోంచా, వాక్యం చివర పైకి లేస్తుందా కిందకి పడుతుందా, ఊపిరి ఎక్కడ తీస్తారు. ఒక్కో పాత్రకీ వీటిలో రెండే మార్చండి. అన్నీ మారిస్తే బొమ్మలాట గొంతు అవుతుంది, మనిషి కాదు.

ముసలావిడ అనగానే వణుకు గొంతు పెడతారు. అది తప్పు. పెద్దవాళ్ళకి గొంతు వణకడం కన్నా ఊపిరి చాలకపోవడం ఎక్కువ. వాక్యం మధ్యలో, అర్థం తెగని చోట, ఆగి ఊపిరి తీస్తారు. 'నిన్న మీ నాన్న (ఊపిరి) వచ్చాడు గానీ కూర్చో (ఊపిరి) లేదు'. ఈ ఒక్క మార్పు చాలు, స్థాయి మార్చక్కర్లేదు.

పరీక్ష ఇలా చేయండి. ఐదు పాత్రలతోనూ ఒకే వాక్యం చెప్పించండి: 'కరెంటు బిల్లు ఎంతొచ్చింది?' రికార్డు చేసి, షూటింగ్‌తో సంబంధం లేని ముగ్గురికి బొమ్మ లేకుండా వినిపించండి. ఎంతమంది మాట్లాడారో లెక్క చెప్పమనండి. నాలుగని చెబితే మీ పాత్రల్లో రెండు ఒకటే. వాటిలో ఒకదాన్ని మార్చండి, లేదా తీసేయండి.

వేషధారి_తెనాలి

@స్వరాక్షరి గారూ, గొంతు ముందు తేలాలన్నది ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క చోట రెండూ ముడిపడి ఉన్నాయి: పళ్ళు. పైపళ్ళ మీద తొడిగే అక్రిలిక్ పళ్ళు పెడితే స, శ, ష మూడూ చెడతాయి. త, ద కూడా బరువెక్కుతాయి. పళ్ళు షూటింగ్ రోజు చేతికిచ్చి 'మాట్లాడు' అంటే కుదరదు. కనీసం వారం ముందు ఇచ్చి రోజూ అరగంట పేపరు పైకి చదివించాలి. అప్పుడు పాత్ర గొంతు ఆ పళ్ళలోంచే పుడుతుంది. అచ్చు తీయించడం దంతవైద్యుల చేతే చేయించుకోండి, ఇంట్లో ప్రయత్నించకండి.

స్వరాక్షరి

వారం ముందు అన్నది చాలా ముఖ్యం. ఇది నేను చెప్పాల్సింది, మీరు చెప్పారు.

కొండపల్లి_బొమ్మ

యాసల సంగతి? ఐదు పాత్రలకి ఐదు జిల్లాలు పెడితే సరిపోదా?

స్వరాక్షరి

సరిపోదండీ. 'ఏం జేస్తున్నవ్', 'ఏటి సేస్తన్నావు', 'ఏం చేస్తాండావ్' అని మూడు యాసలు పట్టుకున్నంత మాత్రాన ముగ్గురు మనుషులు రారు. ఒకే మనిషి మూడు ఊళ్ళు తిరిగినట్టు ఉంటుంది. ఐదు పాత్రలూ ఒకే ఊరివైనా వేరుగా వినపడాలి. అది కుదిరాక యాస కలిపితే అప్పుడు దానికి అందం. పైగా యాసే నవ్వు అయితే ఆ ఊరివాళ్ళని నవ్వులపాలు చేసినట్టు. ఉల్మన్‌లో నాకు నచ్చేది, కే క్లార్క్ మాటతీరు కన్నా కే క్లార్క్ ఓపిక మనల్ని నవ్విస్తుంది, కాస్త బాధపెడుతుంది కూడా.

అట్లాంటా_తెలుగు

యాస నుంచి ఒంటి రంగు దాకా వచ్చే ప్రశ్న ఇది, తప్పించుకోలేం. 'స్టేట్ ఆఫ్ ది యూనియన్'లో పద్మా పర్కేష్ అనే పాత్ర ఉంది: భారతీయ సంతతి ఫార్మసిస్ట్. మందుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీ సినిమా పాటలోకి వెళ్ళిపోతుంది, దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఆడతారు. అమెరికాలో ఫార్మసీలో పనిచేసే మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు, కాబట్టి ఈ పాత్ర మనకి దూరం కాదు. మందుల పేర్లూ వాటి చెడు ప్రభావాలూ పాటలో పెట్టిన ఊహ బాగుంటుంది. ఆ తెలివి అమెరికా మందుల వ్యాపారం మీద. కానీ గోధుమ రంగు పూసుకుని, పాటే మన గుర్తింపు అన్నట్టు చూపించడం నాకు మింగుడు పడదు.

అంతకు ముందు 'ట్రేసీ టేక్స్ ఆన్'లో మిసెస్ నో నాంగ్ నింగ్ అనే డోనట్ కొట్టు ఆవిడ పాత్ర మీద ఆసియా అమెరికన్ల నుంచి అభ్యంతరాలొచ్చాయి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో 'లిటిల్ బ్రిటన్' అనే స్కెచ్ కామెడీ షోని బీబీసీ తన ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్ నుంచి తీసేసింది. అదే నెలలో ఆస్ట్రేలియా నటుడు క్రిస్ లిల్లీ షోలు కొన్నింటిని నెట్‌ఫ్లిక్స్ తీసేసింది. కారణం ఇదే, వేరే జాతి మనుషుల రంగు పూసుకుని వేషం కట్టడం.

కథాకమామిషు

దీనికి నేను వాడే కొలత ఒకటుంది. పాత్ర నుంచి రంగు, కులం, ఊరు, యాస తీసేసి చూడండి. ఇంకా నవ్వు మిగిలితే పాత్ర ఉన్నట్టు. 2016 బీబీసీ షోలో ఉల్మన్ జూడీ డెంచ్ వేషం చూడండి. దేశమంతా ఆరాధించే పెద్దావిడ కాబట్టి ఏ అల్లరి చేసినా, దొంగతనం చేసినా ఎవరూ అనుమానించరు. ఆ నవ్వు జూడీ డెంచ్ ముఖంలో లేదు, పెద్దరికానికి మనం ఇచ్చే మినహాయింపులో ఉంది. మన ఊళ్ళో ఎవరికైనా ఆ వేషం కట్టొచ్చు. పద్మ పాత్రకు రంగూ పాటా తీసేస్తే మిగిలేది మందుల మీద వ్యంగ్యం. దాన్ని ఏ ఫార్మసిస్ట్ చేతైనా చెప్పించొచ్చు, అంటే ఆ రంగు అక్కర్లేదు.

అట్లాంటా_తెలుగు

ఈ మాట ఒప్పుకుంటాను.

గోదారిగట్టు

మిస్టర్ బీన్ కూడా ఇదే కోవలోకి వస్తుందా?

కథాకమామిషు

రాదు. అక్కడ ఒకే పాత్ర, మారేది పరిస్థితి. ఇక్కడ పరిస్థితి ఒకటే, మారేది పాత్ర. రాసే పద్ధతి పూర్తిగా వేరు. దగ్గర చుట్టం కావాలంటే 'ది కేథరిన్ టేట్ షో' చూడండి, బీబీసీ టూలో 2004లో మొదలైంది. అందులో నాన్ అనే ముసలావిడ స్కెచ్ కట్టుబడి ప్రతిసారీ ఒకటే: ఎవరో ఇంటికి వస్తారు, ఆవిడ తెగ మర్యాద చేస్తుంది, వాళ్ళు గుమ్మం దాటగానే తిట్లు లంకించుకుంటుంది. ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఎప్పుడు మొదలవుతుందా అన్న ఎదురుచూపే నవ్వు.

అదే షోలో లారెన్ అనే బడిపిల్ల ఊతపదం ఉంది, మన మాటలో 'నాకేమన్నా బాధా?' లాంటిది. అది జనంలోకి ఎంత పాకిందంటే, 2006కి ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచారు. ఊతపదం పట్టుకుంటే షో నిలబడుతుంది, కానీ ఆ తర్వాత పాత్ర ఏం చేసినా జనం ఆ మాట కోసమే ఎదురు చూస్తారు. 2007 క్రిస్మస్ ప్రత్యేక భాగంలో లారెన్ పాత్రను చంపి ముగించారు. నా ఉద్దేశంలో ఐదు పాత్రల్లో ఒక్కదానికే ఊతపదం ఇవ్వండి. అది కూడా వాక్యం మధ్యలో పడాలి, చివర కాదు. చివర పెడితే ప్రతి స్కెచ్చూ ఒకే చోట ఆగుతుంది.

తెరవెనుక

ఆలస్యంగా వచ్చాను. రంగస్థలి గారు ఎన్ని చెప్పినా ఒక్క షాట్‌లోనైనా రెండు పాత్రలు పక్కపక్కన కనబడాలని అడుగుతారని తెలుసు, అందుకే మాస్క్ షాట్ గురించి రాస్తున్నాను: ఒకే ఫ్రేమును రెండు వేషాలతో రెండుసార్లు తీసి, ఎడిటింగ్‌లో రెండు సగాలనూ అతకడం. ఫోనుతో తీసినా సరే.

కెమెరా కదలకూడదు. ట్రైపాడ్ కాళ్ళ దగ్గర ఇసుక సంచి పెట్టి, కాళ్ళ చుట్టూ నేల మీద టేపు వేయండి. ఫోనులో ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి. స్టెబిలైజేషన్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే కెమెరా కదలకపోయినా బొమ్మ లోపల కాస్త జరుగుతుంది, రెండు సగాలూ అతకవు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల మినుకు పడదు.

కిటికీలు నల్లగుడ్డతో మూసేయండి. మొదటి వేషానికీ రెండో వేషానికీ మధ్య గంట గడిస్తే ఎండ జరిగిపోతుంది, గోడ రంగు మారుతుంది. ఫ్యాను ఆపాలి, క్యాలెండరు కాగితం కదలకూడదు. గోడ గడియారం తీసేయాలి. ఫ్రేములో అది ఉంటే ముల్లు ఒక సగంలో పది పదికీ ఇంకో సగంలో పదకొండు పదికీ ఉంటుంది.

అతుకు గీత గుమ్మం కమ్మీ మీదో బీరువా అంచు మీదో పడేలా ఫ్రేము పెట్టుకోండి. ఎవరి చెయ్యీ ఆ గీత దాటకూడదు. చెయ్యి కన్నా ప్రమాదం నీడ. ప్రధాన లైటు పక్క నుంచి పెడితే మొదటి పాత్ర నీడ గీత దాటి రెండో సగంలోకి పోతుంది, అతికాక ఆ నీడ కత్తిరించినట్టు ఆగిపోతుంది. లైటును పైకి ఎత్తి, కాస్త ముందు నుంచి వేస్తే నీడ వెనక్కి, కిందకి పడుతుంది. అన్నిటికన్నా ముందు, ఎవరూ లేని ఖాళీ గదిని ఒక నిమిషం తీసి పెట్టుకోండి. నీడ దగ్గర తేడా వస్తే ఆదుకునేది ఆ ఖాళీ షాటే.

మాటల వేగం ఎవరి చేతిలో ఉందో చూసి, ఆ పాత్రను ముందు తీయాలి. తగాదా పెట్టుకునే మనిషి ముందు, 'ఊఁ' కొట్టే మనిషి తర్వాత. ముందు తీసేటప్పుడు ఎదుటి మాటలు ఇంకొకరు కెమెరా పక్క నుంచి చదవాలి, కానీ మాట మీద మాట పడకుండా. నటి మాట మీద ఆ చదివినవాళ్ళ గొంతు పడితే తర్వాత తీసేయలేం. రెండోసారి తీసేటప్పుడు మొదటి టేకు శబ్దాన్ని చిన్న ఇయర్‌ఫోన్‌లో ఒక చెవికి, కెమెరాకి కనబడని వైపు, వినిపించాలి.

లుక్ (పాత్ర చూపు ఎటు, ఎంత ఎత్తులో ఉందన్నది) మర్చిపోవద్దు. ఇదే ఎక్కువమంది పాడుచేసేది. మొదటి పాత్ర కూర్చున్నప్పుడు నేల నుంచి కంటి దాకా టేపుతో కొలిచి రాసుకోండి, 114 సెంటీమీటర్లో ఎంతో. రెండో పాత్ర తీసేటప్పుడు ఆ కుర్చీ చోట లైట్ స్టాండు నిలబెట్టి అదే ఎత్తులో టేపు ముక్క అంటించండి. ఎవరో అక్కడ నిలబడి 'నన్ను చూడు' అంటే, వాళ్ళు వేరే ఎత్తు కాబట్టి చూపు నుదుటి పైకి పోతుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నా ఒకరినొకరు చూడట్లేదని ప్రేక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది, ఎందుకో చెప్పలేడంతే.

ఒకరు ఇంకొకరికి టీ కప్పు అందించాలంటే మాస్క్ షాట్‌లో చేయకండి. సజెషన్‌లో తీయండి: భుజం, వెనక తల డూప్‌ది, ముఖం నటిది. డూప్‌కి అదే విగ్గు, అదే చీర, అదే చెవిపోగు. చెవిపోగు లేకపోతే దొరికిపోతారు.

వేషధారి_తెనాలి

తెరవెనుక గారు చెప్పిన అతుకు గీత మన పగటి వేషగాళ్ళకు కొత్త కాదు. అర్ధనారీశ్వర వేషంలో ముఖం నిలువునా సగం శివుడు, సగం పార్వతి. ఒక పక్క చూపేటప్పుడు రెండో పక్కను గుడ్డతో మరుగు చేస్తారు. గీత ముక్కు దూలం మీదుగా సూటిగా రావాలి. వేషగాడు తిరిగే కోణంలో ఒక్క పిసరు తేడా వచ్చినా రెండో మనిషి తొంగిచూస్తాడు. భుజం, నడుము, అడుగు కూడా సగం సగం మారతాయి. ఒక్కరే ఇద్దరై నిలబడటం నేర్చుకోవాలంటే ఎడిటింగ్ గదికి ముందు ఆ వేషాన్ని దగ్గరగా చూడమంటాను.

స్వరాక్షరి

అడుగు అన్నారు కాబట్టి ఒక మాట. పాత్రకు చెప్పులు ముందు తేల్చండి, విగ్గు తర్వాత. ఒకరికి హవాయి చెప్పులు, ఒకరికి బిగుతు బూట్లు, ఒకరికి మడమెత్తు చెప్పులు. కాళ్ళు ఫ్రేములో కనబడకపోయినా సరే వేసుకునే నటించాలి. నిలబడే తీరు మారితే ఊపిరి మారుతుంది, ఊపిరి మారితే గొంతు.

రంగస్థలి

చాలా సంతోషం. ఇప్పటిదాకా చెప్పినదాన్ని పట్టి పథకం ఇలా వేశాను, తప్పులుంటే దిద్దండి. మొదటి రోజు: మేకప్ లేని ఇద్దరు (బడి టీచరు, అపార్టుమెంటు సెక్రటరీ), మధ్యాహ్నం ఆ ఇద్దరి మాస్క్ షాట్ ఒకటి. రెండో రోజు: విగ్గు, మీసం ఉన్న ఆటో డ్రైవరు ఉదయం, కళ్ళద్దాలు పెట్టుకునే బ్యాంకు మేనేజరు మధ్యాహ్నం, లేటెక్స్ ముసలావిడ సాయంత్రం. వేరే నటుడితో రెండు నిమిషాల సన్నివేశం ముసలావిడకే పెట్టాను.

వేషధారి_తెనాలి

రెండో రోజు దిద్దాలి. మీసానికి స్పిరిట్ గమ్ వాడితే తీశాక పై పెదవి ఎర్రబడుతుంది, బ్యాంకు మేనేజరుకి అది కనబడుతుంది. మేనేజరుని ఉదయానికి జరపండి, మీసం ఆ తర్వాత. మీసం తీశాక లేటెక్స్ పై పెదవి మీద వేయకండి, ఆ రోజుకి ఆ చోటు వదిలేయండి. కంటి కొసలు, చెంపలు, మెడ, చేతులు చాలు. విగ్గు కింద సొంత జుట్టు చిన్న చిన్న చుట్టలుగా పిన్నులతో తలకు అంటించాలి, ముడి వేయకూడదు, వేస్తే వెనక బుడిపెలా కనబడుతుంది.

కథాకమామిషు

రెండు నిమిషాల సన్నివేశం రోజు చివర పెట్టడం నాకు భయం. అలసిపోయిన నటి, గంటన్నర మేకప్, ఎదుటి నటుడు ఎదురుచూస్తూ కూర్చోవడం. ఆ సన్నివేశాన్ని టీచరుకి మార్చి మొదటి రోజు ఉదయం పెట్టండి. ముసలావిడకు 40 సెకన్ల గోడు చాలు.

తెరవెనుక

నేనూ అదే అంటాను. ఇంకొకటి, మొదటి రోజు మాస్క్ షాట్‌కి టీచరు, సెక్రటరీలో చీర మార్చుకునేది ఎవరో చూసుకోండి. మార్చుకోవడం అరగంట దాటకూడదు. ఆ అరగంటా గదిలోకి ఎవరినీ రానివ్వకండి, కుర్చీ ఒక్క అంగుళం జరిగినా మొత్తం మళ్ళీ తీయాలి. కుర్చీ కాళ్ళకు కూడా టేపు వేయండి. ప్రతి వేషం అయ్యాక గది నిశ్శబ్దాన్ని 30 సెకన్లు రికార్డు చేయండి.

మేనేజరు కళ్ళద్దాల్లో లైటు మెరిస్తే లైటు జరపకండి. అద్దాల కాడలను చెవి మీద నుంచి ఒక్క పిసరు పైకి లేపి, కింద దూది పెట్టండి. అద్దం కిందకి వంగుతుంది, మెరుపు ఛాతీ మీదకి పోతుంది. ముందు నుంచి చూస్తే ఎవరికీ తెలియదు, పక్క షాట్ మాత్రం ఆ అద్దాలతో తీయొద్దు.